ఆకాశానికి కనబడ్డ దుప్పట్లు

వాళ్ళింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమె. ఎండిపోయిన చిత్తడి నేల మళ్ళీ ప్రాణం పోసుకుంటోందో లేదో ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ చిత్రాల్లో పచ్చటి మొక్కలు ఎర్రగా కనిపిస్తాయి. ఎంత ఎరుపుంటే అంత ఆరోగ్యం.

చిత్తడి చుట్టూ ఎరుపు కమ్ముకొస్తోంది, ఒక్క తూర్పు ఒడ్డు తప్ప. అక్కడ బట్టతల మీద ఎండ పడ్డట్టు తెల్లటి మచ్చ. ఆ ఒడ్డున తుంగ నాటాలని పట్టుబట్టింది ఆమే.

"మొండినేల అమ్మాయ్," అన్నాడు పెద్దసారు. "సోమవారం మీటింగులో ఆ ఒడ్డును పథకంలోంచి తీసేద్దాం. దాని నీళ్ళు పడమటికి మళ్ళిద్దాం."

"ఒక్కసారి వెళ్ళి చూసొస్తాను సార్."

"పైనుంచి కనపడనిది దగ్గర్నుంచి కనపడుతుందా?" అని నవ్వి, సరే పొమ్మన్నాడు.

తూర్పు ఒడ్డున గట్టెక్కేసరికి వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఒడ్డు పొడవునా, వేలు పట్టే సందు లేకుండా తెల్ల దుప్పట్లు. మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని ఆమె పిన్ని. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ పిన్నిది. పాతచోట కార్లు నిలపడం మొదలయ్యాక ఆరబోత ఎటో మార్చిందని ఇంట్లో అనుకోగా ఆమె విన్నది గానీ, ఎటని అడిగిన పాపాన పోలేదు.

"ఏమే, దారి తప్పావా?"

"నీ దుప్పట్లు ఆకాశంలోంచి కనపడుతున్నాయి పిన్నీ."

పిన్ని తలెత్తి పైకి చూసింది. "మరకలు కూడానా?"

సంగతంతా విన్నాక తేలిగ్గా తేల్చేసింది. "దానికేముందే. ఆ ఉపగ్రహం ఏ రోజు ఇటు తిరుగుతుందో ముందే చెప్పు, ఆ రోజు పరవను. నీ ఉద్యోగం నీదీ, నా ఆరబోత నాదీ."

మాట చెవికి ఇంపుగానే ఉంది. నోటిదాకా వచ్చిన తేదీని మింగి, ఆమె వంగి ఒక దుప్పటి కొస ఎత్తింది. కింద తుంగ మొలకలు. ఎండ మొహం ఎరగక పాలిపోయి, నేలకు అతుక్కుపోయి, అయినా బతికే ఉన్నాయి.

"ఇది చచ్చిన నేల కాదు పిన్నీ. ఊపిరాడక పడుంది. పైవాడి కళ్ళు కప్పితే వీటికేం లాభం?"

పిన్ని కాలి బొటనవేలితో ఒక మొలకను లేపి చూసింది.

"తాళ్ళు కట్టుకుంటే నడుం వంచే బాధ తప్పుతుందని మీ బాబాయి ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. ఆయన మాట నెగ్గుతుందనే ఊరుకున్నా." వంగి మొదటి దుప్పటి మడత పెట్టింది. "గుంజలు నువ్వే పాతాలి. చదువుకున్నదానివని వదిలేది లేదు."

ఆదివారం సాయంత్రానికి గట్టు అవతల గుంజలు లేచాయి, ఆమె అరచేతుల్లో బొబ్బలూ లేచాయి. సోమవారం మొలకల ఫోటోలు చూపించి, ఆ దుప్పట్లు మా పిన్నివేనని దాచకుండా చెప్పి, ఒడ్డుకు ఒక్క వానాకాలం గడువు అడిగింది. పెద్దసారు బొబ్బల వంక చూసి సంతకం పెట్టాడు.

వానలు వెలిశాక వచ్చిన చిత్రంలో తూర్పు ఒడ్డంతా ఎరుపు. పరుగున వెళ్ళి పిన్నికి చూపించింది.

"ఇందులో నేనెక్కడే?"

"నువ్వు లేవు. తాడు మీద నిలువుగా వేలాడే బట్ట పైనుంచి కనపడదు."

పిన్ని మొహం చిన్నబోయింది. "ఆకాశానికెత్తినట్టే ఎత్తి దింపేశావు. పోనీ గట్టు మీద ఒక్క దిండు గలీబు పరుచుకోనా?"

"పరుచుకో. అంత చిన్నది దాని కంటికి ఆనదు."

"ఆననిదానికి పరవడమెందుకు," అని సణుగుతూ పిన్ని ఫోను లాక్కుంది. ఆ ఎరుపునే చూస్తూ, ఆరిన దుప్పట్లు తియ్యడం మరిచిపోయింది.