ఆమె మాట్లాడితే తెగే లైను

మగవాడు గంటసేపు కబుర్లాడినా చెక్కుచెదరని ఇంటర్నెట్టు, అదే ఫోను ఆడది ఎత్తి నాలుగు మాటలు మాట్లాడేసరికి ఎందుకు తెగిపోతుంది?

భిలాయిలో సులోచన కాపురముంటున్న క్వార్టరులో ఈ ప్రశ్నకు అప్పటికి కొన్ని నెలల వయసు. జవాబు మాత్రం పుట్టలేదు. అసలది ప్రశ్న అని ఆ ఇంటి యజమాని ఒప్పుకుంటే కదా! స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరైన సామ్యూల్ దానిని స్త్రీ స్వభావం కింద జమకట్టాడు. "నువ్వు ఫోనెత్తితే చాలు, నా నెట్టు పోతాది. నీ గొంతులోనే ఏటో ఉంది" అన్నాడొక సాయంత్రం, ఆఫీసునుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా బియ్యం కడుగుతున్న భార్యతో. ఆ మాట తనకే హాస్యంగా తోచి, కాసేపు తానే నవ్వుకుని, "టీ పెట్టు" అని ముగించాడు. హాల్లో కంప్యూటరు మీద ఎక్కడిదో ప్రసంగం సగంలో ఆగి ఉంది. ప్రసంగాలు దించుకోవడానికే ఆ కనెక్షను. పెట్టించమని పట్టుబట్టినదీ ఆయనే. ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

సులోచన ఉద్యోగం ఆ తీగలతోనే. టెలిఫోను కార్యాలయంలో ఆపరేటరుగా చేరింది. ఆపరేటర్లతో పని తీరిపోయాక, ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై ఊరూరా బ్రాడ్‌బాండు వస్తున్న రోజుల్లో, ఆ బ్రాడ్‌బాండు పని చూసే గదిలోకి మారింది. మాట నడిచే రాగి తీగ మీదే ఇంటర్నెట్టూ నడుస్తుంది. ఏ ఇంటి తీగ ఎంత దూరం పోతోందో, ఎంత పాతబడిందో, ఎంత రొద మోస్తోందో చూసి, అది భరించగల వేగాన్ని కార్యాలయంలోని కంప్యూటరులో అమర్చాలి. భరించలేని వేగమిస్తే లైను తెగుతుంది. రొదను తట్టుకోవాలని వేగం మరీ తగ్గించి పెడితే లైను నిలుస్తుంది గాని, నత్తకు అత్తగారవుతుంది. ఈ విద్య నేర్చుకు రమ్మని కార్యాలయంవారు జబల్‌పూర్ పంపినది సులోచనను కాదు, ఆమె పైఅధికారి మనోజ్‌కుమార్‌ను. అతడు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు, తెలుగును హిందీలో మాట్లాడతాడు. శిక్షణనుంచి ఒక తోలు సంచీనీ, ఒక గ్రూపు ఫొటోనూ తెచ్చుకున్నాడు. మాన్యువల్ తెచ్చి సులోచన బల్లమీద పడేశాడు. ఆనాటినుంచీ పాస్‌వర్డు అతడిది, పని ఆమెది. పైనుంచి ఎవరైనా వస్తే లైన్లు ఎలా సరిచేశాడో అతడు వివరిస్తాడు. ఆ గదిలో ఏకైక స్త్రీ కనుక, చాయ్ చెప్పి రావలసింది ఆమె.

"క్యా మేడమ్‌జీ, మీ ఘర్ కా లైనే ఖరాబా? డాక్టరింటికి సొంత బిమారీ!" అని అతడు నలుగురి ముందూ నవ్వాడు. "స్పీడ్ తగ్గించెయ్యండి. కంప్లైంట్ ఖతమ్."

ఆమె తగ్గించింది. మళ్ళీ తెగింది, మళ్ళీ తగ్గించింది. లోపం ఎక్కడుందో వెతకకుండా వేగం తగ్గించుకుంటూ పోవడం తన వృత్తికి అవమానమని ఆమెకు తెలుసు. అయినా చేసింది. తగ్గించుకోవడమనేది ఆమె మాన్యువల్ చూసి నేర్చిన విద్య కాదు కదా! పెళ్ళైన కొత్తలో అత్తగారు, "ఆడదాని గొంతు గడప దాటకూడదమ్మా" అని బోధించేది. కోడలి ఉద్యోగమే గొంతుతో చేసేదన్న సంగతి ఆవిడ ఎరుగకపోలేదు. గొంతు గడప దాటకూడదు. ఆ గొంతు సంపాదించిన జీతం మాత్రం ఒకటో తారీఖున గడప దాటి లోపలికి రావచ్చు. తగ్గించగా తగ్గించగా సులోచనకు మిగిలిన స్వరం ఒక్కటే, సాయంత్రాలు ఫోనులో సంఘపు స్త్రీలతో మాట్లాడేది. ఆమె వాళ్ళ తెలుగు చర్చి సంఘంలో స్త్రీల సమాజం కార్యదర్శి. ఊళ్ళోని రిసాలినుంచీ, సుపేలానుంచీ ఎందరో ఆమెకు ఫోనుచేసి తమ కష్టాలు చెప్పుకొని, ప్రార్థన చెయ్యమనేవారు. భర్త కొట్టినదీ, గర్భం నిలవనిదీ, డాక్టరుకు చూపించుకోలేని జబ్బూ. ఆమె విన్నది విన్నట్టు కడుపులో పెట్టుకునేది.

ఫోను ఆమెకని తెలియగానే సామ్యూల్ పెద్దమనిషిలా లేచేవాడు. "మాట్లాడుకో. నాను ప్రార్థనలో ఉంటాను" అని, సామాన్ల కొట్టును బాగుచేయించి తాను ప్రార్థన గది చేసుకున్న చోటికి పోయి తలుపు వేసుకునేవాడు. ఆ గదిలోకి మరెవరూ పోకూడదు. దాన్ని ఊడ్చుకునేది కూడా ఆయనే. కాపురం మొత్తంలో ఆయన చీపురు పట్టిన స్థలం అదొక్కటే. అదే పదివేలనుకుని సులోచన నలుగురిలో చెప్పుకుని మురిసింది కూడాను. మగవాడు ఒక గది ఊడిస్తే దానిని మహిమ అనుకునే స్థితికి మనం ఎలా దిగజారామో విడిగా ఒక గ్రంథం రాయవచ్చు.

ప్రార్థన గదిలోనుంచి ఆయన రిక్తహస్తాలతో వచ్చేవాడు కాదు. శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగేది. చాపలు పరచి, పాటలు పాడి, చివర సంఘపెద్దగా సామ్యూల్ కళ్ళు మూసుకుని లేచి నిలబడి, "ప్రభువు నాకు బయలుపరుస్తున్నాడు" అనేవాడు. ఈ కూటంలో ఒక తల్లి కడుపు భాగంలో బాధపడుతోంది. ఈ కూటంలో ఒక సోదరుడు ఇంట్లో చెయ్యి ఎత్తుతున్నాడు. ఎవరి గుట్టు వారికి తెలుసు కనుక, అది తమ గురించేనని పోల్చుకునేవారు. ఆడవాళ్ళు ఏడ్చేవారు. మగవాళ్ళు ఆమెన్ అనేవారు. ఫోర్‌మన్ సామ్యూల్ దైవజనుడు సామ్యూల్ అయ్యాడు.

ఆ క్రమంలోనే జూడీ బలైంది. జూడీ రిసాలిలో గున్నమ్మగారి కోడలు, నర్సు చదువు చదివింది. రాయ్‌పూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఆమెను ఉద్యోగంలోకి రమ్మంది. చేరిన తరువాతే ఇంట్లో చెప్పాలని నిశ్చయించుకుని, ఆ మాట లోకంలో ఒకే ఒక్క మనిషికి ఫోనులో చెప్పింది. ఆ వచ్చిన శుక్రవారమే సామ్యూల్ కళ్ళు మూసుకుని, "ఒక కోడలు భర్తకు చెప్పకుండా పట్నానికి అడుగు తీస్తోంది. ఆ అడుగును ఆపమని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాడు. జూడీ భర్త ఎబెన్ ఆ రాత్రే ఆమె సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గడువు ఆ నెలాఖరు.

సుపేలా బజారులో సులోచన ఎదురుపడితే జూడీ ఆటో దిగకుండానే అంది. "ఆంటీ, మీకు ఒక్కలికే చెప్పేను. మా అమ్మకి కూడా చెప్పలేదు."

"నేనెవరికీ చెప్పలేదమ్మా, జూడీ."

"అయితే దేముడే చెప్పుంటాడు లెండి. దేముడికి మా ఆయన జీతం సరిపోలేదు కాబోలు, నా ఉద్యోగం మీద పడ్డాడు. చలో భయ్యా!" ఆటో వెళ్ళిపోయింది.

సులోచన ఇంటికి వచ్చి భర్తను అడిగింది. ఆయన ఎంతో శాంతంగా జవాబిచ్చాడు. "ప్రభువు ఎవలికి చెప్పాలో ఆయనిష్టం. నీకెందుకు చెప్పడంటే, నీకు విశ్వాసం చాల్దు." ఆ తరువాత సులోచనకు ఫోన్లు తగ్గిపోయాయి. తనకు మిగిలిన చివరి స్వరమూ పోతోందని ఆమెకు అర్థమైంది. ఎవరు తీసుకుపోతున్నారో మాత్రం అర్థం కాలేదు.

అర్థమైన రోజు మామూలు రోజే. నెహ్రూనగర్‌నుంచి ఎవరో గృహిణి కార్యాలయానికి ఫోనుచేసి, ఎవరైనా ఫోనెత్తగానే నెట్టు పోతోందని హిందీలో విసుక్కుంది. సులోచన అలవాటుగా, ప్రతి ఫిర్యాదుదారునూ అడిగే మొదటి ప్రశ్న అడిగింది. "దీదీ, అదే లైను మీద ఇంట్లో ఇంకో ఫోనేమైనా తగిలించారా? ఆ ఫోనుకు చిన్న డబ్బా, స్ప్లిటర్, ఉందా? అది లేని ఫోను ఎత్తితే నెట్టు పోతుంది."

పెట్టేసిన తరువాత ఆమె చెయ్యి రిసీవరు మీదే ఉండిపోయింది. భిలాయిలో ఇంటింటినీ అడిగిన ప్రశ్న తన ఇంటిని అడగలేదు. ఎందుకడుగుతుంది, తన ఇంట్లో ఒకే ఒక ఫోనుందని ఆమెకు తెలుసు కదా! తెలిసినదాన్ని ఎవరూ అడగరు; ఆడవాళ్ళ జీవితాలు సాంతం తెల్లారిపోయేది ఆ ఒక్క కారణం చేతనే. హాల్లో ఫోనుకు స్ప్లిటర్ ఆమె చేతులతో పెట్టినదే. సామ్యూల్ హాల్లో మాట్లాడినప్పుడు లైను నిలుస్తోంది. ఆమె హాల్లో మాట్లాడినప్పుడు తెగుతోంది. అంటే, ఆమె మాట్లాడుతున్నప్పుడు మరెక్కడో, స్ప్లిటర్ లేని మరొక ఫోనును ఎవరో ఎత్తుతున్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరు.

సగం రోజు సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. ఆ రోజు శుక్రవారం. సామ్యూల్ కూటానికి ముందు పాస్టరుగారి ఇంటికి వెళ్ళాడు. గోడకు కొట్టిన తీగను సాకెట్టునుంచి వేలితో తడుముతూ వెళ్ళింది. బీరువా వెనక అది రెండుగా చీలింది. ఒక పాయ వెంటిలేటరులోంచి ప్రార్థన గదిలోకి దిగింది. గదిలో ఒక కుర్చీ, ఒక శిలువ, గుడ్డ కప్పిన చెక్కపెట్టె. పెట్టెలో ఎర్ర టెలిఫోను. ఆమెకు అది కొత్తది కాదు. క్రిస్మస్ నాటకంలో పెట్టడానికి పాడైన సెట్టొకటి కావాలని భర్త అడిగితే, కార్యాలయంలో తుక్కులోంచి అడిగి తెచ్చిచ్చినది ఆమే. నాటకం ఇంకా నడుస్తోందన్నమాట. రిసీవరు అడుగు మూత విప్పి చూసింది. మాట్లాడే బిళ్ళ తీసేసి ఉంది. ఊపిరి అవతలికి వినబడకుండా నోరు పెరికేసి, చెవి మాత్రం ఉంచుకున్నాడు దైవజనుడు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా వెంటనే రాలేదు. మొదట వచ్చినది అసహ్యం, వంట గట్టుమీద పాచిపోయిన కూరను చూసినప్పుడు వచ్చేంత సాదాసీదా అసహ్యం. తీగ కోసేసి నోరు మూసుకుంటే ఇంట్లో శాంతి ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది. అది తన ఆలోచన కాదని, అత్తగారిదని గుర్తుపట్టి పక్కకు నెట్టింది. సెట్టును తీగతో సహా ఊడబెరికి, కూరగాయల సంచీలో పెట్టుకుని, ఆటో ఎక్కి రిసాలి వెళ్ళింది. కూటం ఆ వేళ గున్నమ్మగారింట్లోనే.

పాటలు అయ్యాయి. సామ్యూల్ లేచాడు, కళ్ళు మూశాడు. "ప్రభువు నాకు..."

"ఏవండీ, ఒక్క నిమిషం" అంది సులోచన. లేచి వెళ్ళి, ఎర్ర ఫోనును ఆయన పాదాల ముందు చాప మీద పెట్టింది. "మీతో ప్రభువు మాట్లాడే పెట్టె ఇంట్లో మరిచిపోయి వచ్చారు. తెచ్చాను."

ఎవరికీ ఏమీ బోధపడలేదు. సామ్యూల్‌కు బోధపడింది, కళ్ళు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. "ఏటమ్మా సులోచనా, ఏటిది?" అంది గున్నమ్మ. సులోచన కార్యాలయంలో లైను గురించి చెప్పే స్వరంతోనే చెప్పింది. తీగ ఎక్కడ చీలిందీ, ఏ గదిలోకి దిగిందీ, నోరు ఎందుకు తీసేసి ఉందీ. మీరు నాకు ఫోనులో చెప్పుకున్న ప్రతి మాటనూ ఈయన అవతల కూర్చుని విన్నాడని, విన్నదే ఇక్కడ నిలబడి అప్పజెప్పాడని.

సామ్యూల్ గొంతు సవరించుకున్నాడు. "ప్రభువు దేన్నైనా సాధనంగా వాడుకుంటాడు. తీగనైనా సరే."

చాపల మీద ఒక ఆడమనిషి పకాలున నవ్వింది. ఆ నవ్వు ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. పాస్టరుగారు కంగారుగా, "సహోదరీ, ఇది ఇంట్లో చూసుకోవాల్సిన సంగతి" అన్నారు.

"ఇంట్లో విన్నాడు, నలుగురిలో పేరు తెచ్చుకున్నాడు. నలుగురిలో తెచ్చుకున్నది నలుగురిలోనే పోవాలి అయ్యగారూ."

గున్నమ్మ అంతసేపూ ఫోనువైపే చూస్తోంది. మెల్లగా లేచింది. "నా గర్భసంచి జారిందని నాను నీకే కదమ్మా సెప్పేను. నా కొడుకుతో సెప్పుకోలేక సెప్పేను. అదీ ఇన్నాడా?" సులోచన తల ఊపింది. గున్నమ్మ సామ్యూల్ ఎదుటికి వచ్చింది. "కడుపులో బాధ అని ఆ రోజు అందరి ముందర నా నెత్తి మీద సెయ్యెట్టేవు. నాను దేముడనుకుని నీ కాళ్ళు ముట్టుకున్నాను. సిగ్గునేదేటయ్యా నీకు?" కొడుకువైపు తిరిగింది. "ఒరే ఎబెనూ, తాళం తియ్యి. ఆ పిల్ల కాయితాలు ఆ పిల్లకిచ్చీ."

"అమ్మా, ఇప్పుడదేటి..."

"దేముడు ఆపమన్నాడనే కదా ఆపేవు. ఆ దేముడు ఈడే. తియ్యి!"

ఎబెన్ జూడీవైపు చూడలేదు, సామ్యూల్‌వైపు చూశాడు, ఇంకా ఏదైనా దైవవాక్కు దొరుకుతుందేమోనని. దొరకలేదు. తాళం తీశాడు. జూడీ అందరి ముందూ సర్టిఫికెట్లు ఒక్కొక్కటే సరిచూసుకుని, సులోచన పక్కన వచ్చి కూర్చుంది.

సోమవారం జూడీ రాయ్‌పూర్‌లో ఉద్యోగంలో చేరింది. సులోచన రిసాలిలో ఒక గది అద్దెకు తీసుకుని, తన పేరున ఫోను పెట్టించుకుంది. సామ్యూల్ ఏమయ్యాడంటారా? ఏమీ కాలేదు. సంఘంలోని మగవాళ్ళు కూర్చుని, పొరపాటు జరిగింది గాని ఆయన ప్రార్థనలో శక్తి ఉందని తేల్చారు. భార్య మీద మాత్రం ఇంటి గుట్టు బయటపెట్టిందన్న నేరం నిలిచింది. ఆయన ఇప్పుడు భిలాయికి దగ్గర్లోని నందిని మైన్సు కాలనీలో, ఈ కథ తెలియని ఇళ్ళలో, కూటాలు నడుపుతున్నాడు.

అందుచేత మీతోనే చెబుతున్నాను. మీరు ఒక స్నేహితురాలి చెవిన మాత్రమే వేసిన మాటను ఒక మగవాడు, భర్తే కానివ్వండి, దైవజనుడే కానివ్వండి, నలుగురిలో నిలబడి తన జ్ఞానమని చెప్పిన రోజున, తల వంచకండి. ఆమెన్ అనకండి. ఆ స్నేహితురాలిని అనుమానించకండి. లేచి నిలబడి, కళ్ళు మూసుకున్న ఆ మొహాన్ని గట్టిగా అడగండి: ఎక్కడ దాక్కుని విన్నావు?