ఓల్డెన్‌బెక్ గారికి ఐదు శాలువాలు

రైనర్ ఓల్డెన్‌బెక్ గారిని మా మిస్సిసాగా తెలుగు సంఘం సన్మానిస్తుందని తెలిసి మా అమ్మాయి వాసవి ఎంతో సంబరపడింది. ఆయన ఒకప్పుడు జర్మనీలో పేరున్న ఫుట్‌బాల్ గోల్‌కీపర్. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక ఇక్కడికి, కెనడాకి వచ్చి కోచ్ అయ్యారు. ఎప్పుడూ అడుగునుండే ఒక అమ్మాయిల జట్టును ఆరేళ్లలో ప్రావిన్స్ విజేతగా నిలబెట్టారు. సరుకుల కొట్లో కనబడినా జనం ఫోటోల కోసం చుట్టుముడతారు.

పదమూడేళ్ల వాసవి కూడా గోల్‌కీపరే. పోయిన ఏడాది సెలెక్షన్‌లో పెనాల్టీల దగ్గరే తడబడి జట్టులో చోటు పోగొట్టుకుంది. ఈసారి సెలెక్షన్, ఈ సన్మానం జరిగిన మర్నాడే, ఉదయం తొమ్మిదికి. అందుకే ఆయన చేత వాసవికి కాసేపు నేర్పించమని సంఘం అధ్యక్షుడు అమరేశ్వరరావు గారిని బతిమాలుకున్నాను.

"చివరి పదిహేను నిమిషాలు హాలు వెనక గడ్డిలో మీ అమ్మాయికే, కోదండరామ్ గారూ. కోచ్ గారితో మాట్లాడేశాను" అన్నారాయన.

ఓల్డెన్‌బెక్ గారికి సాయంత్రం మ్యాచ్ ఉంది, నాలుగింటికల్లా బయలుదేరాలి. వాసవి గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

రెండింటి కార్యక్రమం రెండూ నలభైకి మొదలైంది. జ్యోతి వెలిగించడానికి ఏడుగురిని పిలిచారు. ప్రార్థన ఎప్పుడూ నాదే. గణపతి నుంచి నవగ్రహాల దాకా ఎవరినీ వదలకుండా చదివి వచ్చి కూర్చున్నాను. తరువాత అమరేశ్వరరావు గారు అతిథి జీవితం అందుకున్నారు. పుట్టిన ఊరు, ఆడిన క్లబ్బులు, ఆపిన పెనాల్టీలు. కాగితాలు తారుమారై మోకాలి ఆపరేషన్ రెండుసార్లు చేయించారు. తన కథ తనకు రాని భాషలో సాగుతుంటే ఓల్డెన్‌బెక్ గారు ఓపిగ్గా నవ్వుతూ కూర్చున్నారు.

మూడున్నర దాటింది. నేను లేచి చేతి గడియారం చూపించాను. అధ్యక్షుడు కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. ఆపైన కమిటీలో ఎవరూ నొచ్చుకోకూడదని ఐదుగురూ ఐదు శాలువాలు కప్పారు, ఒక్కొక్కరూ నాలుగు మాటలు చెప్పి మరీ. ఆ తరువాత గ్రూప్ ఫోటో. వెనక వరస కనబడడం లేదని ఇంకోటి.

ఓల్డెన్‌బెక్ గారు కారెక్కేసరికి నాలుగూ పది. వాసవి గ్లవ్స్ తొడుక్కుని పరుగెత్తింది. ఆయన అద్దం దించి, ఆలస్యమైనందుకు ఆ పిల్లకే క్షమాపణ చెప్పుకున్నారు. "బంతిని చూడకు. తన్నేవాళ్లు నేల మీద ఆనించిన కాలిని చూడు. అది ఎటు తిరిగితే బంతి అటే" అని ఇంగ్లీషులో అని వెళ్లిపోయారు. వెనక సీట్లో శాలువాల కుప్ప కనబడింది.

ఇంటికి వస్తూ దారి పొడుగునా అమరేశ్వరరావు గారిని తిట్టుకున్నాను. ఇచ్చిన మాటకు విలువ లేదా, ఈ ఉపన్యాసాలు ఎవరికి కావాలి అని. వాసవి గ్లవ్స్ విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"డాడ్, యువర్ ప్రేయర్ వాజ్ ఫోర్టీన్ మినిట్స్" అంది చివరికి. "ఐ టైమ్డ్ ఇట్."

గణపతికి ఒక్క శ్లోకం చాలదా? నవగ్రహాలు నన్ను అడిగాయా? నేను చదివింది దేవుడు వినాలనా, హాలు వినాలనా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న నాకెందుకు రాలేదో తెలియదు.

సాయంత్రం దీపం పెట్టి, ఒక్క నమస్కారం చేసి, పెరట్లోకి వెళ్లాను. వాసవి కంచె ముందు నిలబడింది. నేను జన్మలో బంతి తన్నలేదు. మొదటిది పక్కింటి గులాబీల్లో పడింది. రెండోది నా చెప్పుతో సహా లేచింది.

"నా కాలు చూశావా?" అన్నాను.

"చూశా డాడ్. ఇట్స్ పాయింటింగ్ ఎవ్రీవేర్."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లవ్స్ బిగించుకుని, "అగైన్" అంది.