సలహా అడిగిన మేడం

జనగామలో సైన్సు చెప్పే మనోరమ టీచరుకు చుట్టుపక్కల జిల్లాల్లో కూడా మంచి పేరుంది. ఎక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టినా ఆమెను పిలిచేవారు. ఆమె చెప్పేది ఒకటే. పిల్లల జవాబు పత్రం మీద మార్కు వేసి, 'గుడ్' అనో 'ఇంకా కృషి చేయాలి' అనో గీకి పడేయొద్దు. ఏది బాగా రాశారో, ఏది తప్పిందో, దాన్నెట్లా సరిచేసుకోవాలో చెప్పాలి. పరీక్ష పెట్టేది పిల్లలను తూచడానికి కాదు, నేర్పడానికి.

ఈ సంగతే కురవి శిక్షణలో పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా చెప్పింది. వెనక బెంచీల్లో కొందరు ఫోన్లు చూసుకున్నారు, ఒకాయన కునుకు తీశాడు. చివర ఎట్లా ఉందో చెప్పమంటే ఒక్కొక్కరే లేచి, చాలా బాగుంది మేడం అని కూర్చున్నారు. ఇట్లా చెప్పొద్దనే కదా ఇంతసేపూ మొత్తుకున్నానని ఆమెకు తట్టలేదు. సంతోషంగా తలూపింది.

అప్పుడు, తండా బడిలో కొత్తగా చేరిన రజిత లేచింది.

"మేడం, మీరు చూపిచ్చిన జవాబు పత్రం మంచిగ సమజైంది. కానీ పొద్దటి నుంచి మీరే మాట్లాడిన్రు. మాతోని ఒక్క పేపరన్న దిద్దిపిస్తే, మేం ఎక్కడ తప్పు చేస్తున్నమో మాకు తెలుస్తుండె."

ఫోన్లు చూసేవాళ్లు కూడా తలెత్తారు. మనోరమ నవ్వి, థాంక్స్ చెప్పింది. ఆ నవ్వు మొహం మీద చాలాసేపు బిగుసుకుపోయింది. భోజనాల దగ్గర రజిత వాళ్ల బడి హెడ్మాస్టరు సోమనర్సయ్య వచ్చి, కొత్త పిల్ల, తెలియక మాట్లాడింది, నేను చెప్తాను లెండి అన్నాడు. వద్దనాల్సింది. మనోరమ పప్పు కలుపుకుంటూ ఊరుకుంది.

మహబూబాబాద్‌లో రైలెక్కింది మొదలు జనగామ దాకా అదే ఉడుకు. ఇంటికొచ్చి భర్త చైతన్యకు చెప్పుకుంది. హోల్‌సేల్ కిరాణా నడిపే ఆయనకు ఈ శిక్షణల గొడవ పట్టదు.

"ఆ పిల్ల చెప్పినదాంట్ల తప్పేముంది?" అన్నాడు.

"తప్పని ఎవలన్నరు? అందరి ముందట చెప్పాల్నా?"

మర్నాడు బడిలో ఎప్పటిలాగే తరగతంతా వినబడేట్టు పేపర్లు చదువుతూ, పువ్వు బొమ్మ వేసి భాగాల పేర్లు రాయని నవ్యను నిలబెట్టింది. నవ్య బిగుసుకున్న మొహంతో నవ్వింది. ఆ నవ్వును మనోరమ గుర్తుపట్టింది. మాట మధ్యలో ఆపి, ఆ పిల్లను బల్ల దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. ఆ పీరియడులో నలుగురైదుగురికి మించి చెప్పలేకపోయింది. ఇట్లయితే సిలబస్ ఎప్పుడు అవుతుందని శిక్షణల్లో టీచర్లు అడిగినప్పుడల్లా కొట్టిపారేసిన ఆమెకు, ఇప్పుడు ఆ ప్రశ్న సొంతమైంది.

మొగుళ్లపల్లి శిక్షణకు పిల్లల పేపర్ల కట్ట పట్టుకుపోయింది. తలా ఒకటిచ్చి దిద్దమంది. ఒకే జవాబుకు ఒకాయన సున్నా పెడితే, పక్కామె పూర్తి మార్కులు వేసింది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఫోన్ చూసే తీరిక ఎవరికీ దొరకలేదు. చివర అభిప్రాయం అడిగితే, మీరే చెప్పేస్తే హాయిగా ఉండేది మేడం, అనవసరంగా పని పెట్టారన్నారు.

మనోరమకు కోపం రాలేదు. తర్వాతిది బచ్చన్నపేటలో. అక్కడ ఏం మార్చాలో ఎవరినడగాలా అని ఆలోచిస్తే ఒక్క పేరే తోచింది. రజితకు ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, ఇంకా ఏం సరిచేసుకోవాలో చెప్పమంది.



"చాలా బాగుంది మేడం" అన్నది రజిత.

"గది కాదు రజితా. ఏం తక్కువుందో చెప్పు."

"ఏం తక్కువ లేదు మేడం. ఆ రోజు తెల్వక మాట్లాడిన. మా సారు చెప్పిండు."

ఏది తప్పిందో, ఎట్లా సరిచేసుకోవాలో సోమనర్సయ్య శ్రద్ధగానే చెప్పినట్టున్నాడు. ఆయన చెప్తానన్నప్పుడు తను వద్దనలేదని, తప్పు తనదేనని మనోరమ ఒప్పుకుంది. బచ్చన్నపేటకు వచ్చి పక్కన కూర్చొని, తోచింది తోచినట్టు చెప్పమని అడిగింది.

"సారును అడిగి చెప్త మేడం" అన్నది రజిత.