శాలువా కప్పిందెవరు

నా భార్య ప్రాణం పోతుంటే ఆ హాల్లో జనం ఆమె చుట్టూ తిరుగుతూ డాన్సు చేశారు. ఇందులో అనుమానం లేదు, వాదన లేదు.

దానికి వాళ్లు పెట్టుకున్న పేరు చైతన్య నృత్యం. స్టెప్పులుండవు. కళ్లు మూసుకుని ఒళ్లు ఎటు పోతే అటు పోనివ్వడమే. ఆదివారం పొద్దున ఒక మేడమీది హాల్లో చేరతారు. చెప్పులు మెట్ల మీద వదిలేస్తారు, సిగ్గు కూడా అక్కడే వదిలేస్తారు. లోపల చెమట కంపు, దాని మీద అగరొత్తుల కంపు. ఒకడు మూలుగుతాడు, ఒకావిడ గోడ పట్టుకుని ఏడుస్తుంది, ఇంకొకడు నేల మీద పొర్లుతాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. గోడ మీద బోర్డు కూడా ఉంది: మాట్లాడకూడదు, ఎవరి అనుభవానికీ అడ్డు రాకూడదు.

ఆమెను అక్కడికి తీసుకెళ్లింది నా మరదలు, ఆమె సొంత చెల్లెలు. "అక్కా, వారానికో గంట నీకోసం బతుకు" అంది. హాస్టల్ వంటగదిలో గంటె తిప్పి తిప్పి అలసిన మనిషికి ఆ మాట తీయగానే ఉండి ఉంటుంది.

"ఏముందే అక్కడ?" అని ఒకసారి నా భార్యని అడిగాను.

"అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఉప్పు తక్కువైందని కూడా అనరు. నువ్వూ రారాదూ? కుట్టుమిషన్లు బాగుచేసీ చేసీ నువ్వే కొక్కెంలా వంగిపోయావు."

"నేను గెంతితే కింద షాపువాడు పోలీసుల్ని పిలుస్తాడు."

పడీ పడీ నవ్వింది.

ఆ ఆదివారం ఆమెను తీసుకురావడానికి వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాను. విందు తిన్న మొహాలతో అందరూ దిగివస్తున్నారు. ముక్కూ మొహం తెలియని ఒకడు నన్ను కౌగిలించుకుని తన చెమటంతా నా చొక్కాకి తుడిచాడు. "మీ ఆవిడ ఇంకా లోపలే ఉన్నారండీ. చాలా లోతుకి వెళ్లారు. కదిలించకండి" అన్నాడు.

మరదలు కూడా అప్పటికే వెళ్లిపోయినట్టుంది. మెట్ల మీద నా భార్య చెప్పులు, ఇంకో జత మగ చెప్పులు మాత్రమే మిగిలాయి. నేను నా చెప్పులతోనే లోపలికి వెళ్లాను.

కిటికీ పక్కన ఒత్తిగిలి పడి ఉంది. మెడదాకా నీలం శాలువా. చంటిపిల్లకి కప్పినట్టు పాదాల కిందికి కూడా మడిచి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నాలుగడుగుల దూరంలో, వాళ్లందరినీ ఆడించే పెద్దమనిషి మైకు వైరు చుట్టుకుంటున్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"పడిపోయిన వెంటనే తెస్తే బతికేదేమో" అన్నాడు డాక్టరు. పడిపోయింది పాటల మధ్యలోనట. ఆ రోజు మైకులో చెప్పిన పాఠం, పక్కమనిషి బాధ పట్ల స్పృహ గురించట. ఈ సంగతి మరదలే చెప్పింది.

అంతా అయ్యాక ఆ మైకాయన మా ఇంటికొచ్చాడు. "అన్నయ్యా" అన్నాడు. ఇతనికి నేనెప్పుడు అన్నయ్యనయ్యానో.

"అక్కయ్య వెళ్లిన తీరు మా అందరినీ ఒక్క కుటుంబం చేసింది. ఆవిడ పేరు మీద ఒక ఆదివారం కూర్చుంటున్నాం. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి."

వస్తానన్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ శాలువా కప్పిందెవరో తెలియాలి. దూరంగా గెంతినవాళ్లకి ఆమె పడుకున్నట్టు కనబడి ఉండొచ్చు. కప్పిన మనిషి మాత్రం వంగింది. మొహం చూసింది.

అందరూ గుండ్రంగా కూర్చున్నారు. సంచిలోంచి శాలువా తీసి ఒళ్లో పెట్టుకుని అడిగాను.

"దీన్ని ఆమెకి కప్పిందెవరు?"

మైకాయన కళ్లు మూసుకుని తలాడించాడు. "ఎంత లోతైన ప్రశ్న! ఇది చేతికి అందినవాళ్లు మనసులో మాట చెప్పండి" అంటూ దాన్ని తీసి పక్కావిడకి ఇచ్చాడు.

ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుని, చనిపోయిన వాళ్లమ్మ గుర్తొచ్చిందంది. ఆ పక్కవాడు చావంటే తనకి భయం పోయిందన్నాడు. ఇంకొకడికి ఆ రోజు వెలుగు కనబడిందట. ఒకడు ఏడ్చి, అందులోనే ముక్కు చీదాడు. మాట్లాడనిది నా మరదలొక్కతే. నేల చూపులు చూస్తూ పక్కకి అందించేసింది. శాలువా తడిసి నా దగ్గరికొచ్చింది.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను.

"కొన్నిటికి జవాబు మాటల్లో రాదు అన్నయ్యా."

"మరెందులో వస్తుంది, చిందుల్లోనా?"

దాన్ని అతని మీదికి విసిరేసి బయటికి నడిచాను. మరదలు వెనకాలే వచ్చింది. మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది.

"బావా, ఆ శాలువాలు హాలువే. మూల బుట్టలో ఉంటాయి. కప్పింది నేనే."

ఆగాను.

"నా పక్కనే పడింది. చెయ్యి తగిలితే చల్లగా ఉంది. చలేస్తోందేమో అనుకున్నాను."

"పిలిచావా?"

"మాట్లాడకూడదు కదా బావా. పాట మధ్యలో... అందరూ నావైపే చూస్తారని..."

"నిన్ను చంకనేసుకుని పెంచిన మనిషే అది. అక్కా అని ఒక్క కేక పెట్టలేకపోయావా?"

"పాదాలు కూడా బయటికి రాకుండా కప్పాను బావా" అంది, అదేదో లెక్కలోకి వస్తుందన్నట్టు.

ఆమె చెయ్యి విడిపించుకుని, నా అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాను. పైన పాట మొదలైంది. మైకులో నా భార్య పేరు చెప్పి, కళ్లు మూసుకోమంటున్నాడు.

"తిట్టు బావా. కొట్టు. ఏదో ఒకటి అను."

మెట్లు దిగి వచ్చేశాను. ఆమె ఇప్పటికీ వచ్చి కూర గిన్నె గుమ్మంలో పెట్టి, అక్కడే నిలబడుతుంది. గిన్నె కడిగి, మళ్లీ గుమ్మంలోనే పెడతాను. మొహం చూడను. ఈ కాగితం మీద పెట్టిందే ఆఖరు. ఆమెతో గానీ ఇంకెవరితో గానీ ఈ సంగతి నేనిక ఎత్తను. మాట్లాడకూడదని బోర్డు పెట్టుకుంది వాళ్లే. మాట్లాడను.