ఎదురు రాని ట్రాము

మా ఆయనతో నాకున్న బాధ ఒక్కటే: ఆయన పొరపాట్లు చేయరు. ఆయన చూస్తుండగా పాలు పొంగిపోతే అది పాల తప్పు. ఆయన గొడుగు మరిచిపోతే అది వాన తప్పు. ఇంత నిర్దోషితో కాపురం చేయడం మాటలు కాదు.

అలాంటి మనిషికి ఊరి మధ్య నది మీద ట్రాము వంతెన గీసే పని అప్పజెప్పారు. అప్పటి నుంచి మా భోజనాల బల్ల మీద అట్టముక్కల నది, దాని మీద నాజూకైన వంతెన, వంతెన మీద ఒకే ఒక్క ట్రాము. మేం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. ఇంటికొచ్చిన వాళ్ళంతా "అబ్బ, ఎంత సన్నగా ఉందో" అనాలి. అనేదాకా ఆయన వాళ్ళను వదలరు.

వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతుంది. ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు, వాళ్ళ కాగితాలు చూడకుండా, మొదటి నుంచీ విడిగా వేయాలి. రెండూ కలిస్తేనే సంతకం. ఆ ఇంకొకరు మా ఆడపడుచు. ఆమెకిది మొదటి వంతెన. ఇంటి పిల్లే కదా అని మా ఆయన తన కాగితాలే చేతిలో పెట్టి, "ఓసారి చదివి సంతకం పెట్టెయ్ అమ్మడూ" అన్నారు. ఆ పిల్ల వాటిని పక్కన పడేసి సొంతంగా లెక్క వేసుకుంది. కలవలేదు.

"అన్నయ్యా, నువ్వు ఒక్క ట్రాము బరువే తీసుకున్నావు. ఎదురుగా రెండోది వస్తే వంతెన మధ్యలో కుంగుతుంది. దూలాలు లావు చెయ్యాలి."

"రెండూ వంతెన మీద కలవవు. టైంటేబుల్ చూసుకో."

టైంటేబుల్‌ను నమ్మే పెద్దమనిషిని అప్పుడే చూశాను. ట్రాము రాలేదంటూ రోజూ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళేది కూడా ఈయనే.

ఆమె సంతకం పెట్టలేదు. పిల్లకు పని మీద శ్రద్ధ లేదని, జాప్యం అందుకేనని ఈయన పై అధికారికి చెప్పుకున్నారు.

ఆదివారం ఆ అధికారి నమూనా చూడడానికి మా ఇంటికొచ్చారు. "బాగా సన్నగా ఉందయ్యా" అన్నారు. మా ఆయన ఛాతీ చొక్కా గుండీలకు పరీక్ష పెట్టింది. ఆ తర్వాత అధికారి, పక్కనే నిలబడ్డ మా ఆడపడుచు వైపు తిరిగారు.

"అమ్మాయ్, రేపటి నుంచి నువ్వు మురుగు కాలవల విభాగానికి వెళ్ళు. అక్కడ తొందరేం ఉండదు."

ఆమె అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య అట్టముక్కల నది వైపు చూశారు.

నేను కాఫీ అందిస్తూ, "ఎదురొచ్చే ట్రాము బొమ్మ ఏదండీ, విరిగిందా?" అన్నాను.

"అది లెక్కలోనే లేదు వదినా," అంది ఆడపడుచు నెమ్మదిగా.

అధికారి కప్పు కింద పెట్టారు. "లేకపోవడమేంటయ్యా? మరి ఈ అమ్మాయి చూసుకోలేదా?"

చూసుకోలేదని ఒక్క మాటంటే చాలు, ఈ నింద కూడా ఆ పిల్ల నెత్తినే పడుతుంది. ఆయన ఆ మాటే అంటారని నాకు అనుమానం లేదు. ఆమెకూ లేదు కాబోలు, చేతిసంచి భుజాన తగిలించుకుంది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి సరిపోలేదు, మళ్ళీ సవరించుకున్నారు.

"చూసింది సార్. నాకు చెప్పింది కూడా. దాని లెక్కే సరైంది. దాన్ని కాలవలకి పంపకండి, తప్పు నాది."