వెలగని గుంటలు

మా ల్యాబు నుంచి బయటికి రావాలంటే తలస్నానం చేయాలి. లోపలి బట్టలు లోపలే వదిలేయాలి. ముక్కు చీదాలి, గోళ్లు రుద్దుకోవాలి. అంతా అయ్యాక కూడా కొన్ని రోజులపాటు ఆవు, మేక, గొర్రె ఉన్న చోటికి వెళ్లకూడదు. మేం పెంచేది గాలికుంటు వైరస్. అది మనిషిని ఏమీ చేయదు గానీ, మనిషి గొంతులో కూర్చుని పశువుల పాకదాకా పోగలదు. అక్కా బావల బతుకంతా ఆవులమీదే. అందుకని అక్కకీ నాకూ మాటలన్నీ ఫోనులోనే.

ఆ వైరస్‌లో నేను మిణుగురు పురుగు జన్యువొకటి అతికించాను. వైరస్ ఏ కణంలో పెరిగితే ఆ కణం వెలుగుతుంది. ప్లాస్టిక్ పలకలోని చిన్న చిన్న గుంటల్లో కణాలు పెంచి, ఒక్కో గుంటలో ఒక్కో మందు చుక్క వేసి, వైరస్‌ను వదులుతాం. వెలుగు తగ్గిన చోట మందు పనిచేసినట్టు. వెలుగు ఎంతుందో యంత్రమే చెబుతుంది. మైక్రోస్కోపులో కళ్లు పొడుచుకోనక్కర్లేదు. ల్యాబులో అందరూ నన్ను మిణుగురు అనే పిలుస్తారు.

ఒక మందు వేసిన గుంటలన్నీ చీకటైపోయాయి. మళ్లీ చేశాను. మళ్లీ చీకటే.

"మిణుగురూ, నీ దీపాలకి ఎవరో ఫ్యూజు పీకేశారే!" అన్నాడు పక్క బల్ల పెద్దాయన. ఆయన వయసు నా వయసే. బట్టతల వల్ల పెద్దాయనయ్యాడు.

"ఫ్యూజు కాదు, మందు."

"అయితే పార్టీ ఎప్పుడు?"

మా ల్యాబు నడిపే మేడమ్ మాత్రం నవ్వలేదు. "మిణుగురు జన్యువు లేని మామూలు వైరస్ మీద కూడా చూడు. సంతోషం ఆ తర్వాత" అంది.

ఆ సాయంత్రమే అక్క ఫోను చేసింది. ఏటి అవతలి పాకల్లో గాలికుంటు కనబడిందట. రోగం పాకకుండా దారులు మూసేలోపు ఆవులన్నిటినీ కొని తోలుకుపోతానని దూరం నుంచి బేరగాడొకడు వచ్చి కూర్చున్నాడట.

"మీ బావ ఇచ్చేద్దామంటున్నారు. నీ మందు సంగతేంటే?"

"పనిచేస్తున్నట్టుందక్కా."

"ఉందా, ఉన్నట్టుందా?"

నేను నవ్వేశాను. "ఉంది."

"వింటున్నారా? మన చిట్టి కనిపెట్టిందట!"

వెనకనుంచి బావ గొంతు. "కనిపెడితే మనకెప్పుడిస్తారో అడుగు ముందు."

"పరీక్షకి ఎలాగూ ఆవులు కావాలి బావా. మేడమ్‌నడిగి మీవే పెట్టిస్తాను" అన్నాను. అలా పెట్టించడం నా చేతిలో లేదు. అయినా ఆ క్షణాన అది అబద్ధమనిపించలేదు.

బేరగాణ్ణి పంపేశారు. తర్వాత దారులు మూశారు.

మామూలు వైరస్ మీద ఆ మందు వేసి, మర్నాడు మైక్రోస్కోపులో చూశాను. బండలు పరిచినట్టు సర్దుకుని ఉండాల్సిన కణాలు ముడుచుకుపోయి తేలుతున్నాయి. కొలత తప్పిందేమోననుకున్నాను. అప్పుడు మిణుగురు వైరస్ పలక తీసి, వెలగని గుంటల్ని మొదటిసారి కళ్లతో చూశాను. వాటిలోనూ కణాలు వైరస్‌కి చచ్చి తేలుతున్నాయి. యంత్రం మాత్రం చీకటనే చూపిస్తోంది.

మేడమ్ వంగి చాలాసేపు చూసింది.

"ఇది వైరస్‌ని ఆపలేదమ్మా. వెలుగునిచ్చే ఎంజైముని ఆపింది, అంతే."

"దొంగ ఇంట్లోనే ఉన్నాడు," అన్నాడు పెద్దాయన. "మనం లైటారిందని తలుపేసుకుని పడుకున్నాం." అని, ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడినట్టు పక్కకి వెళ్లిపోయాడు.

స్నానం చేసి బయటికొచ్చేసరికి అక్క ఎన్నోసార్లు ఫోను చేసి ఉంది. తడి జుట్టుతోనే మెట్లమీద కూర్చుని మాట్లాడాను.

"నోళ్లలోంచి సొంగ కారుతోంది చిట్టీ. గిట్టల మధ్య పుండ్లు. డాక్టరు చూసి వెళ్లాడు. మధ్యాహ్నం బండి వస్తుందట. బాగున్నవాటిని కూడా ఉంచరట, అన్నిటినీ చంపేస్తారట." ఊపిరి తీసుకుంది. "మీ మేడమ్‌నడిగావా? ఆ మందు ఒక్కసారి..."

"అది మందు కాదక్కా."

"అదేంటే, ఉందన్నావుగా!"

"చూడాల్సింది చూడకుండా చెప్పాను."

 

"ఏమంటోంది?" అని బావ అడగడం వినిపించింది.

"ఏమీ లేదు. మీరా బకెట్టు ఇలా ఇవ్వండి." మళ్లీ నాతో అంది. "పొద్దుటి పాలింకా పిండలేదు. పొదుగులు రాళ్లయిపోయాయి. చన్నులమీదా బొబ్బలే. పిండితే నొప్పి, పిండకపోతే సలుపు. మధ్యాహ్నం దాకా ఎలాగే? చెప్పు."

"పిండక్కా. మెల్లగా."

ఫోను గట్టుమీద పెట్టినట్టుంది. కాసేపు పాలధార సన్నగా వినిపించింది. ఇంతలో బకెట్టు దొర్లింది.

"తన్నింది" అంది అక్క, ఎవరితోనో తెలియదు. "ఇదెప్పుడూ తన్నదు."

మళ్లీ బకెట్టు సరిగా పెట్టుకున్న చప్పుడు. మళ్లీ ధార. బండి హారను వినబడేదాకా నేను ఫోను పెట్టలేదు. పెట్టమని అక్కా అనలేదు.