అత్తయ్య చెయ్యి నాకిన నక్క

ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టుదుకాణం. కోడలు మిషను మీద కూర్చుంటుంది, అత్తయ్య గుమ్మం పక్కన పీట వేసుకుంటుంది. గుండీలు కుట్టే పని అత్తయ్యదే. చూపు మందగించినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు.

ఆ మధ్యాహ్నం మిషను చప్పుడులో అత్తయ్య ఎవరినో ముద్దుచేస్తున్నట్టు వినిపించింది. బేకరీవాళ్ళ కుక్క వచ్చిందనీ, పాపం ఎండకి సొమ్మసిల్లినట్టుందనీ అంటోంది. కోడలు తలెత్తకుండానే ఊకొట్టింది. ఇంతలో దారం తెగింది. కొత్తది ఎక్కిస్తూ అటు చూసింది.

బేకరీ కుక్క బొద్దుగా ఉంటుంది, తోక చుట్ట చుట్టుకుని ఉంటుంది. అత్తయ్య చెయ్యి నాకుతున్నదానికి పుల్లల్లాంటి కాళ్ళు, సూదిమూతి, కిందికి వేలాడే గుబురు తోక, తోక కొసన నలుపు. మూతి నుంచి తీగలుగా చొంగ కారుతోంది. ఊరవతల రాళ్ళ క్వారీలో సాయంత్రాలు దూరం నుంచి చూసిన జంతువే. మనిషి అలికిడి వింటే మాయమైపోయే నక్క, పట్టపగలు ఇంటి గుమ్మంలో నిలబడి మనిషి చెయ్యి నాకుతోంది.

"అత్తయ్యా, చెయ్యి మెల్లగా తీసుకోండి. లేచి నా దగ్గరికి రండి," అంది. ఆ గొంతు తనది కాదేమో అనిపించింది.

అత్తయ్య విసుక్కుంటూనే లేచింది. ఆమె కదలగానే నక్క తూలుకుంటూ లోపలికి వచ్చి కత్తిరింపు బల్ల కింద దూరింది. బల్లకాలిని పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. పళ్ళు విరుగుతాయేమో అన్నంత గట్టిగా, ఆగకుండా కొరుకుతోంది. కోడలు అత్తయ్యను రెక్క పట్టి వంటింట్లోకి లాగి తలుపు గడియ వేసింది. అప్పుడు గుర్తొచ్చింది, వీధి వైపు షట్టరు బార్లా తెరిచే ఉంది. బడి వదిలే వేళ.

పెరటి సందులోంచి చుట్టూ తిరిగి పరుగెత్తింది. షట్టరు అందుకుంటూ లోపలికి చూస్తే బల్ల కిందనుంచి ఆ కళ్ళు తనవైపే ఉన్నాయి. అయినా తనను చూస్తున్నట్టు లేవు. బలమంతా పెట్టి కిందికి గుంజింది. లోపలినుంచి రేకుమీద ధడాలున ఏదో కొట్టుకుంది.

కబురందుకుని పశువుల డాక్టరు వచ్చి, షట్టరు కాస్త ఎత్తి టార్చి వేశాడు. నక్క పక్కకు ఒరిగిపోయి కాళ్ళు కొట్టుకుంటోంది. దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. విషయం విని, అది కుక్క కాదు నక్క అనీ, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకోవాలనీ అన్నాడు. అత్తయ్య ససేమిరా అంది.

"కరిస్తే కదా నాయనా సూదులు? నాకిందంతే. అయినా అవి కుక్కకాటుకిచ్చే సూదులు. ఇది కుక్క కాదని నువ్వే అన్నావుగా."

డాక్టరు నవ్వలేదు. "కుక్క, తోడేలు, రేచుకుక్క, నక్క అన్నీ ఒకే కుటుంబమమ్మా. రేబిస్ దేనికి పట్టినా ఒకటే. కరవక్కర్లేదు, చొంగ పచ్చిగాయానికి తగిలితే చాలు."

కోడలు అత్తయ్య చెయ్యి లాక్కుని వేళ్ళు విప్పింది. గుండీలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకున్న చోటల్లా ఎర్రటి చుక్కలు. కుళాయి ధార కింద సబ్బు పెట్టి, చర్మం ఊడొస్తుందేమో అన్నంతసేపు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

నక్క ఆ సాయంత్రమే చచ్చిపోయింది. పరీక్షలో దానికి జబ్బు ఉందనే తేలింది. అత్తయ్య ఒక్క సూది తప్పకుండా వేయించుకుంది. ఇక భయపడక్కర్లేదని డాక్టర్లు చెప్పారు. కానీ ఆ జబ్బు సోకితే నీళ్ళు గొంతు దిగవని ఆసుపత్రి వరండాలో ఎవరో అన్న మాట కోడలి చెవిలో ఉండిపోయింది. అత్తయ్య గ్లాసు ఎత్తినప్పుడల్లా మిషను ఆగిపోయేది. ఆ గొంతు కదిలాకే మళ్ళీ తిరిగేది.

ఒకరోజు నీళ్ళు తాగుతుంటే అత్తయ్యకు పొలమారింది. కోడలి చేతిలోంచి బట్ట జారిపోయింది. దగ్గు తగ్గాక అత్తయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు చూస్తున్నావని నాకు తెలుసమ్మా," అంది మెల్లగా. "పొద్దున్నే నువ్వు లేవకముందు ఒక్కదాన్నే వంటింట్లోకెళ్ళి ఒక గుక్క తాగి చూసుకుంటాను. దిగితేనే నిన్ను లేపుతాను."